ఆటోక్యాడ్, రెవిట్ నెమ్మదిస్తే ఎక్కడ వెతకాలి

సబ్మిషన్‌కు రెండు రోజులే ఉంది. రెవిట్‌లో ఒక వ్యూ నుంచి ఇంకో వ్యూకు వెళ్లడానికి అరనిమిషం పడుతోంది. ఆటోక్యాడ్‌లో జూమ్ చేస్తే కర్సర్ ఆగి ఆగి కదులుతోంది. టీమ్ లీడ్‌కు చెబితే ఐటీకి టికెట్ వేయమంటారు. ఐటీ వాళ్లు వచ్చి, రీస్టార్ట్ చేసి, టెంప్ ఫైళ్లు డిలీట్ చేసి, టికెట్ క్లోజ్ చేసి వెళ్తారు. డెడ్‌లైన్ కదలదు. రాత్రి కూర్చుని పని పూర్తిచేసేది మీరే. హైదరాబాద్, విశాఖపట్నం లాంటి చోట్ల విదేశీ క్లయింట్లకు బిమ్, డ్రాఫ్టింగ్ చేసిపెట్టే ఆఫీసుల్లో ప్రతి గంటా టైమ్‌షీట్‌లోకి ఎక్కుతుంది. సిస్టమ్ వల్ల పోయిన గంట కూడా మీ పేరు మీదే పడుతుంది. అందుకే ఈ విషయాన్ని పూర్తిగా ఐటీకి వదిలేయకుండా మీరే కొంత తెలుసుకోవాలి.

నెమ్మదించడానికి కారణాలు ఆరేడు ఉంటాయి: ఫైలు, ప్రాసెసర్, మెమరీ, డిస్క్, గ్రాఫిక్స్, నెట్‌వర్క్, వేడి. ఏది అడ్డుపడుతోందో తెలుసుకోకుండా ఎక్కడో చూసిన పది సెట్టింగులు ఒకేసారి మారిస్తే, బాగుపడినా ఎందుకు బాగుపడిందో తెలియదు, పాడైతే ఏది వెనక్కి తిప్పాలో తెలియదు. ఒకటి మార్చండి, కొలవండి, రాసుకోండి. ఆ తర్వాతే రెండోది. సబ్మిషన్ వారంలో ఇవేవీ మొదలుపెట్టకండి. ప్రాజెక్టు కాస్త తెరిపిచ్చినప్పుడు ఒక సాయంత్రం కేటాయించుకోండి.

ముందు కొలత

బాగా ఇబ్బంది పెట్టే ఫైలు ఒకటి మీ ప్రాజెక్టులోంచే తీసుకుని, దాని కాపీ మీద పని చేయండి. సిస్టమ్ రీస్టార్ట్ చేసి, ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి, ఫైలు తెరుచుకోవడానికి, రీజెన్‌కు, సేవ్‌కు, ఒక షీటు పీడీఎఫ్ కావడానికి ఎంతెంత పట్టిందో రాసుకోండి. ఫైలు మూసి వెంటనే మళ్లీ తెరిస్తే చాలా త్వరగా వస్తుంది, ఎందుకంటే విండోస్ దాన్ని మెమరీలో ఉంచుకుంటుంది. దాన్ని చూసి సెట్టింగ్ పనిచేసిందని మోసపోకండి. పోల్చేటప్పుడు ప్రతిసారీ రీస్టార్ట్ తర్వాత మొదటి ఓపెన్‌నే లెక్కలోకి తీసుకోండి.

తర్వాత టాస్క్ మేనేజర్. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కితే వస్తుంది. పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిచి రెండో మానిటర్‌లో పెట్టుకుని, మిమ్మల్ని ఏడిపించే పనే చేస్తూ గ్రాఫ్‌లు చూడండి. చాలామంది పొరబడేది ఇక్కడే. సీపీయూ 13 శాతం చూపిస్తుంది కాబట్టి ప్రాసెసర్ ఖాళీగానే ఉందనుకుని వేరేచోట వెతుకుతారు. ఆటోక్యాడ్‌లో చాలా పనులు, సాలిడ్‌వర్క్స్‌లో ఫీచర్ రీబిల్డ్, రెవిట్‌లో మోడల్ ఎడిటింగ్ ఎక్కువభాగం ఒకే కోర్ మీద నడుస్తాయి. ఒక ఫీచర్ లెక్క పూర్తయితేనే దాని మీద ఆధారపడిన తర్వాతి ఫీచర్ లెక్క మొదలవుతుంది కాబట్టి పనిని నలుగురికి పంచడం కుదరదు. 8 లాజికల్ ప్రాసెసర్లున్న సిస్టమ్‌లో ఒక్కటి పూర్తిగా నిండితే మొత్తంగా కనిపించేది 12.5 శాతం. 16 ఉంటే 6 శాతం పైచిలుకు. గ్రాఫ్ ఆ అంకె దగ్గర కదలకుండా నిలబడిందంటే ఒక కోర్ తన శక్తికొద్దీ పనిచేస్తోందని, ఇంకా వేగం దాని దగ్గర లేదని అర్థం. కోర్లను విడివిడిగా చూపించే గ్రాఫ్ పెట్టుకున్నా ఒకే గడి నిండినట్టు కనిపించకపోవచ్చు. విండోస్ ఆ పనిని ఒక కోర్ నుంచి ఇంకో కోర్‌కు తిప్పుతూ ఉంటుంది. అందుకని మొత్తం శాతాన్నే గుర్తుపెట్టుకోండి.

మెమరీ దగ్గర 'కమిటెడ్' అనే చోట రెండు అంకెలుంటాయి. మొదటిది రెండోదానికి దగ్గరపడుతుంటే ఎంత మంచి ప్రాసెసరైనా లాభం లేదు, సాఫ్ట్‌వేర్ మూసుకుపోయే ప్రమాదం కూడా ఉంది. డిస్క్ యాక్టివ్ టైమ్ నిమిషాల తరబడి 100 శాతం ఉంటే సమస్య అక్కడుంది. సీపీయూ, డిస్క్, మెమరీ అన్నీ తీరిగ్గా ఉండి, ఆటోక్యాడ్ మాత్రం 'నాట్ రెస్పాండింగ్' అంటుంటే అది దేనికోసమో ఎదురుచూస్తోంది. చాలాసార్లు ఆ ఎదురుచూపు నెట్‌వర్క్‌లో లేని ఒక ఫోల్డర్ కోసమో, ఆఫ్‌లో ఉన్న ఒక ప్రింటర్ కోసమో అయి ఉంటుంది.

అసలు దోషి తరచుగా ఫైలే

ఒక చిన్న పరీక్ష ఉంది. ఆటోక్యాడ్‌లో ఖాళీ డ్రాయింగ్ తెరిచి కొన్ని గీతలు, వృత్తాలు గీయండి. అది హాయిగా నడిచి, ప్రాజెక్టు ఫైలు మాత్రమే మొరాయిస్తే విండోస్ సెట్టింగులు ముట్టుకోవాల్సిన పనే లేదు. ఫైలును శుభ్రం చేయాలి.

ఒక ఎలక్ట్రికల్ లేఅవుట్ తీసుకుందాం. నాలుగు వందల లైట్ ఫిక్చర్లు, కొన్ని కేబుల్ ట్రేలు, ఆర్కిటెక్ట్ ప్లాన్ ఎక్స్‌రెఫ్‌గా ఉన్నాయి. ఇలాంటి ఫైలు మహా అయితే రెండు మూడు ఎంబీ ఉండాలి. మీ దగ్గరున్నది 60 ఎంబీ. కంటికి కనిపించే గీతలకు, ఆ సైజుకు పొంతన లేదంటే లోపల చెత్త పేరుకుందని అర్థం. వేర్వేరు కన్సల్టెంట్ల ఫైళ్లలోంచి కాపీ, పేస్ట్ చేసినప్పుడల్లా బ్లాకులతో పాటు వాళ్ల అప్లికేషన్ రిజిస్ట్రేషన్లు, యానోటేషన్ స్కేళ్లు, మైక్రోస్టేషన్ నుంచి వచ్చిన లైన్ స్టైళ్లు కూడా మీ ఫైలులోకి వచ్చి చేరతాయి. వాటిని మీ ఫైలులోంచి కాపీ చేసుకునే పక్క డెస్క్ ఆయనకు కూడా అంటిస్తారు.

శుభ్రం చేసే వరుస ఇలా పెట్టుకోండి. ముందు ఆడిట్ కమాండ్ ఇచ్చి ఎర్రర్లు ఫిక్స్ చేయించండి. తర్వాత పర్జ్. మామూలు పర్జ్ విండోలో అన్నీ టిక్ పెట్టినా అప్లికేషన్ రిజిస్ట్రేషన్లు పోవు. కమాండ్ లైన్‌లో పర్జ్ ముందు హైఫన్ పెట్టి ఇచ్చి, రెగ్‌యాప్స్ ఆప్షన్ ఎంచుకుంటేనే పోతాయి. ఈ ఒక్క అడుగు తెలియక పర్జ్ చేసినా సైజు తగ్గలేదని వదిలేసే వాళ్లు చాలామంది. స్కేల్ లిస్టు తెరిస్తే వందల కొద్దీ ఒకే పేరున్న స్కేళ్లు కనిపిస్తుంటే, స్కేల్‌లిస్ట్‌ఎడిట్‌ను కూడా హైఫన్‌తో ఇచ్చి రీసెట్ చేయండి. ఇంకా లొంగకపోతే కనిపించే ఆబ్జెక్టులను డబ్ల్యూబ్లాక్‌తో కొత్త ఫైలులోకి రాసి, లేఅవుట్లు, పేజ్ సెటప్‌లు సరిగా వచ్చాయో లేదో చూసుకోండి.

ఓవర్‌కిల్ దగ్గర మాత్రం జాగ్రత్త. ఒకదానిమీద ఒకటి పడిన గీతలను అది తీసేస్తుంది, ముక్కలను కలిపేస్తుంది. టాలరెన్స్ ఎక్కువ పెడితే దగ్గర దగ్గరగా ఉన్న రెండు నిజమైన గీతలు ఒకటైపోతాయి. క్వాంటిటీలు తీసే డ్రాయింగ్‌లోనో, షాప్ డ్రాయింగ్‌లోనో అలా జరిగితే ఆ తప్పు సైట్‌కు వెళ్లేదాకా బయటపడదు. కాపీ మీద నడిపి, పక్కపక్కన పెట్టి పోల్చి చూడకుండా ఇష్యూ చేయకండి.

ఇక ఫైలు తెరిచేటప్పుడే ఆగిపోతుంటే ఎక్స్‌రెఫ్ ప్యాలెట్ తెరవండి. 'నాట్ ఫౌండ్' అని ఉన్న ప్రతి ఎక్స్‌రెఫ్, ప్రతి ఇమేజ్ కోసం ఆటోక్యాడ్ ప్రతిసారీ వెతుకుతుంది. పాత్ వెళ్లిపోయిన పాత సర్వర్‌ను చూపిస్తుంటే ఆ సర్వర్ జవాబివ్వడం లేదని తేలేదాకా వేచి చూస్తుంది. అవసరం లేనివి డిటాచ్ చేయండి, ఉన్నవాటికి పాత్ సరిచేయండి. మోడల్ బాగానే ఉండి లేఅవుట్ ట్యాబ్‌కు మారినప్పుడు మాత్రమే స్తంభిస్తుంటే పేజ్ సెటప్‌లో ఏ ప్లాటర్ ఉందో చూడండి. క్లయింట్ ఆఫీసులోని ప్లాటర్ పేరు అందులో ఉండిపోతే దాన్ని 'నన్' అనో, డీడబ్ల్యూజీ టు పీడీఎఫ్ అనో మార్చండి. మీ విండోస్ డిఫాల్ట్ ప్రింటర్ కూడా ఎప్పుడూ అందుబాటులో ఉండేదిగా పెట్టుకోండి. ప్రింటర్‌కూ డ్రాయింగ్ వేగానికీ సంబంధమేంటని అనిపిస్తుంది గానీ, ఇంటికి ల్యాప్‌టాప్ తీసుకెళ్లి పనిచేసే వాళ్లకు ఇది బాగా ఎదురయ్యే తిప్పలు.

సర్వే డ్రాయింగ్‌ల గురించి విడిగా చెప్పాలి. టోటల్ స్టేషన్ లేదా డీజీపీఎస్ సర్వే సాధారణంగా యూటీఎమ్ కోఆర్డినేట్లలో వస్తుంది. హైదరాబాద్ 44వ జోన్‌లో ఉంది. అక్కడి ఒక ప్లాటు నార్తింగ్ విలువ 19 లక్షల మీటర్లు దాటుతుంది. డ్రాయింగ్ మిల్లీమీటర్లలో ఉంటే ఆ అంకె ఇంకా వెయ్యి రెట్లు. మూలబిందువుకు అంత దూరంలో గీసిన జ్యామితిలో వృత్తాలు గరుకుగా కనిపించడం, హ్యాచ్ సరిగా పడకపోవడం, స్నాప్ తడబడటం మొదలవుతాయి. రెవిట్ ఇంకా నిక్కచ్చి. దాని లోపలి మూలబిందువు నుంచి సుమారు 16 కిలోమీటర్ల లోపే జ్యామితి ఉండాలి. సర్వే ఫైలును ఉన్నదున్నట్టు దించి 'డిస్‌ప్లే పాడైంది, గ్రాఫిక్స్ కార్డు మార్చండి' అని అడిగితే ఏ కార్డూ దాన్ని బాగుచేయలేదు. భవనాన్ని మూలబిందువు దగ్గరే గీసి, సర్వేను లింక్ చేసి, షేర్డ్ కోఆర్డినేట్లతో ముడిపెట్టడమే పద్ధతి. ఎవరికి వారు సర్వేను తమకు నచ్చినంత జరుపుకుంటే కోఆర్డినేషన్ మీటింగ్‌లో స్ట్రక్చర్ ఒకచోట, డక్టులు ఒకచోట తేలతాయి. ఈ నిర్ణయం ప్రాజెక్టు మొదటి వారంలోనే బిమ్ కోఆర్డినేటర్ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇవ్వకపోతే మీరే మెయిల్ పెట్టి అడగండి.

రెవిట్ మోడల్ టీమ్ మొత్తానిది

ఆటోక్యాడ్‌లో మీ ఫైలు మీ చేతిలో ఉంటుంది. రెవిట్‌లో ఎనిమిది మంది ఒకే సెంట్రల్ మోడల్ మీద ఉంటారు, ఒకరు చేసిన పని భారం అందరూ మోస్తారు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది డీడబ్ల్యూజీని లింక్ చేయకుండా ఇంపోర్ట్ చేసి, ఆపైన ఎక్స్‌ప్లోడ్ చేయడం. ఒక్క దెబ్బతో వేల గీతలు, పదుల కొద్దీ లైన్ ప్యాటర్న్‌లు, టెక్స్ట్ స్టైళ్లు మోడల్‌లో చేరిపోతాయి. క్యాడ్ ఫైలు కావాలంటే ముందు ఆటోక్యాడ్‌లో శుభ్రం చేసి, లింక్ చేసి, 'కరెంట్ వ్యూ ఓన్లీ' పెట్టండి. పని అయ్యాక తీసేయండి.

రివ్యూ వార్నింగ్స్ జాబితా తెరిచి చూడండి. ఒకేచోట రెండుసార్లు పెట్టిన ఎలిమెంట్లు, ఒకదానిలో ఒకటి దూరిన గోడలు, కలిసిపోయిన రూమ్ సెపరేషన్ గీతలు వేల సంఖ్యలో కనిపిస్తే, మీరు ఏ చిన్న మార్పు చేసినా రెవిట్ వాటి లెక్కలు కూడా చూసుకోవాల్సి వస్తోంది. వార్నింగులు తగ్గించే పని ఎవరి టాస్క్‌లోనూ ఉండదు కాబట్టి ఎవరూ చేయరు. వారానికి ఒక గంట దీనికి టైమ్‌షీట్‌లో చోటు ఇమ్మని లీడ్‌ను అడగండి. అది ఇవ్వని టీములు సబ్మిషన్ ముందు రోజు అంతకు పదింతలు పోగొట్టుకుంటాయి.

సింక్ విషయంలో క్రమశిక్షణ లేకపోతే ఎంత ఖరీదైన సిస్టమైనా దండగే. సాయంత్రం ఆరు గంటలకు అందరూ ఒకేసారి సింక్ నొక్కితే ఒకరి తర్వాత ఒకరు క్యూలో నిలబడాల్సిందే. మధ్యాహ్నమే వంతులు పెట్టుకోండి. ముందు రీలోడ్ లేటెస్ట్ చేసి, తర్వాత సింక్ చేస్తే సెంట్రల్ మోడల్‌ను పట్టుకునే సమయం తగ్గుతుంది. 'కాంపాక్ట్ సెంట్రల్ మోడల్' టిక్ ప్రతిసారీ పెట్టకండి. అది ఫైలు మొత్తాన్ని తిరగరాస్తుంది. వారానికి ఒకసారి, అందరూ వెళ్లాక ఒకరు చేస్తే చాలు. లోకల్ ఫైలు రోజూ పొద్దున కొత్తగా తీసుకోండి. తెరిచి వదిలేసిన ఇరవై వ్యూలు మూసేయండి. పని లేని వర్క్‌సెట్లు, లింకులు అన్‌లోడ్ చేసి ఉంచండి. నీడలు ఆన్ చేసి మోడలింగ్ చేయాల్సిన అవసరం దాదాపు ఎప్పుడూ ఉండదు. వైర్‌ఫ్రేమ్‌లో, డీటెయిల్ లెవెల్ కోర్స్‌లో పెట్టి, సెక్షన్ బాక్స్‌తో మీకు కావలసిన ఫ్లోర్ వరకే కత్తిరించుకోండి.

ఇంకో చిక్కు విండోస్ డాక్యుమెంట్స్ ఫోల్డర్. చాలా ఆఫీసుల్లో అది వన్‌డ్రైవ్‌తో కలిపి ఉంటుంది. రెవిట్ లోకల్ ఫైలు అక్కడ పడితే మీరు సేవ్ చేసిన ప్రతిసారీ వందల ఎంబీ అప్‌లోడ్ మొదలవుతుంది, ఫైలు లాక్ గొడవలు కూడా వస్తాయి. ఫైల్ లొకేషన్స్‌లో లోకల్ ఫైళ్ల దారిని సింక్ కాని, ఎస్ఎస్‌డీ మీదున్న ఫోల్డర్‌కు మార్చుకోండి.

కార్డు ఉంది, కానీ వాడుతోందా?

గ్రాఫిక్స్ దగ్గర మొదట చూడాల్సింది సెట్టింగ్ కాదు, వైరు. డెస్క్‌టాప్ వెనక మానిటర్ కేబుల్ మదర్‌బోర్డు పోర్టుకు పెట్టి ఉంటే, లోపలున్న ఖరీదైన కార్డు చాలావరకు ఊరికే కూర్చుంటుంది. సీటు మారినప్పుడు, మానిటర్ మార్చినప్పుడు ఇలా జరుగుతుంది, నెలల తరబడి ఎవరూ గమనించరు. కేబుల్ కార్డు పోర్టులో ఉందో లేదో వంగి చూడండి.

ల్యాప్‌టాప్‌లలో రెండు గ్రాఫిక్స్ చిప్‌లుంటాయి, ఒకటి ప్రాసెసర్‌తో వచ్చేది, ఒకటి విడిది. బ్యాటరీ ఆదా కోసం విండోస్ మొదటిదాన్ని ఎంచుకోవచ్చు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, డిస్‌ప్లే, గ్రాఫిక్స్‌కు వెళ్లి, మీ సాఫ్ట్‌వేర్‌ను చేర్చి 'హై పెర్ఫార్మెన్స్' ఎంచుకోండి. సాఫ్ట్‌వేర్ మూసి మళ్లీ తెరిచాక, టాస్క్ మేనేజర్ ప్రాసెసెస్ ట్యాబ్‌లో జీపీయూ ఇంజిన్ కాలమ్ చూస్తే ఏ చిప్ వాడుతోందో తెలుస్తుంది. ఆటోక్యాడ్‌లో గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ కమాండ్ ఇచ్చి హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఆన్‌లో ఉన్నప్పుడు గీతలు మాయమవడం, మినుకుమినుకుమనడం జరుగుతుంటే ఒకసారి ఆఫ్ చేసి చూడండి. ఆఫ్ చేస్తే తగ్గిందంటే తప్పు డ్రైవర్‌ది. ఆఫ్‌లోనే వదిలేయడం పరిష్కారం కాదు, డ్రైవర్ సరిచేసి మళ్లీ ఆన్ చేయండి.

సాలిడ్‌వర్క్స్ వాడేవాళ్లు సిస్టమ్ ఆప్షన్స్, పెర్ఫార్మెన్స్‌లో 'యూజ్ సాఫ్ట్‌వేర్ ఓపెన్‌జీఎల్' టిక్ పెట్టి ఉందేమో చూడాలి. ఉంటే డిస్‌ప్లే పనంతా ప్రాసెసర్ మీదే పడుతోంది. ఏ డాక్యుమెంటూ తెరవకుండా ఉన్నప్పుడే ఆ టిక్ మారుతుంది. బూడిద రంగులో ఉండి మార్చనివ్వకపోతే కార్డో, డ్రైవరో దానికి సరిపడటం లేదు. రిమోట్ డెస్క్‌టాప్‌లో పనిచేసేవాళ్లకు కూడా ఇదే ఎదురవుతుంది. పార్ట్‌ల ఇమేజ్ క్వాలిటీ స్లైడర్ కుడి చివరిదాకా లాగి ఉంచడం ఇంకో సాధారణ తప్పు. బోల్టులు, నట్‌లకు అంత నునుపు అక్కర్లేదు. ఏ పార్ట్, ఏ ఫీచర్ ఎన్ని సెకన్లు తింటోందో పెర్ఫార్మెన్స్ ఇవాల్యుయేషన్ టూల్ చెబుతుంది. ఊహించే ముందు దాన్ని నడపండి.

డ్రైవర్ అన్నిటికంటే కొత్తది ఉండాలని లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ పరీక్షించి సర్టిఫై చేసిన వెర్షన్ ఉండాలి. ఆటోడెస్క్, సాలిడ్‌వర్క్స్ రెండూ అలాంటి జాబితాలు ఇస్తాయి. ఎన్విడియా జీఫోర్స్ కార్డయితే గేమ్ రెడీ డ్రైవర్ బదులు స్టూడియో డ్రైవర్ తీసుకోండి. మార్చే ముందు ఇప్పుడున్న వెర్షన్ నంబర్ రాసిపెట్టుకోండి, వెనక్కి వెళ్లాల్సి వస్తే అదే ఆధారం.

ఎండాకాలం, ఛార్జర్, డిస్క్

ప్రాసెసర్ వేడెక్కితే తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. టాస్క్ మేనేజర్‌లో బేస్ స్పీడ్, ప్రస్తుత స్పీడ్ రెండూ కనిపిస్తాయి. భారీ పని నడుస్తుండగా ప్రస్తుత స్పీడ్ బేస్ కంటే కిందికి పడిపోతుంటే వేడి సంగతి చూడాలి. పొద్దున బాగుండి మధ్యాహ్నం తర్వాత నెమ్మదించే సిస్టమ్‌ను ముందు ఈ కోణంలోనే అనుమానించండి. విజయవాడ మే నెలలో, ఏసీ ఆగిపోయిన గదిలో, ఫ్యాన్ జాలీ నిండా దుమ్ముతో ఉన్న ల్యాప్‌టాప్ నుంచి కొత్తప్పటి వేగం రాదు. ఐటీ చేత విప్పించి శుభ్రం చేయించండి. పరుపు మీద, ఒళ్లో పెట్టుకుని రెండరింగ్ పెట్టకండి. వర్క్‌స్టేషన్ ల్యాప్‌టాప్‌కు దాని సొంత ఛార్జరే వాడండి. తక్కువ వాట్ల టైప్ సి ఛార్జర్ పెడితే ఛార్జింగ్ గుర్తు కనిపిస్తూనే వేగం తగ్గిపోవచ్చు. పవర్ మోడ్ 'బెస్ట్ పెర్ఫార్మెన్స్'లో పెట్టడం ల్యాప్‌టాప్‌లో పనికొస్తుంది. డెస్క్‌టాప్‌లో పెద్ద తేడా ఆశించకండి.

సి డ్రైవ్ నిండిపోతే ఎస్ఎస్‌డీ కూడా నీరసిస్తుంది. ఐదోవంతు ఖాళీగా ఉంచండి. పేజ్ ఫైలును తీసేస్తే వేగం వస్తుందని చెప్పేవాళ్లున్నారు. నమ్మకండి. ర్యామ్ ఇంకా మిగిలి ఉండగానే అవుట్ ఆఫ్ మెమరీ అని రెవిట్ మూసుకుపోతుంది. దాన్ని విండోస్ నిర్వహణకే వదిలి, ఎస్ఎస్‌డీ మీద ఉండేలా చూసుకోండి. ల్యాప్‌టాప్‌లో 16 జీబీ ఒకే స్టిక్‌గా ఉంటే, రెండు 8 జీబీ స్టిక్కులతో వచ్చే డ్యూయల్ ఛానల్ లాభం పోతుంది. టాస్క్ మేనేజర్ మెమరీ పేజీలో 'స్లాట్స్ యూజ్‌డ్' చూస్తే ఎన్ని వాడుతున్నారో తెలుస్తుంది.

వేగం కోసం వదులుకోకూడనివి

ఆటోసేవ్ వచ్చినప్పుడల్లా రెండు సెకన్లు ఆగుతోందని దాన్ని ఆపేసే డ్రాఫ్ట్స్‌మెన్ ఉన్నారు. సేవ్‌టైమ్ మామూలుగా 10 నిమిషాలుంటుంది. 15 చేసుకోండి గానీ సున్నా చేయకండి. ఆటోసేవ్ ఫైళ్లు నెట్‌వర్క్ ఫోల్డర్‌కు వెళ్తుంటే వాటి దారిని సొంత డిస్క్‌కు మార్చండి, ఆ ఆగడం చాలావరకు పోతుంది. ఐసేవ్‌పర్సెంట్ 50 దగ్గరే ఉండనివ్వండి. సున్నా చేస్తే ప్రతి సేవ్ పూర్తి సేవ్ అవుతుంది, ఎక్కువసేపు పడుతుంది. తగ్గించుకోవాల్సినవి వేరే ఉన్నాయి: కర్సర్ కిందికొచ్చిన ప్రతిదాన్నీ వెలిగించే సెలెక్షన్‌ప్రివ్యూ, రోలోవర్‌టిప్స్. బరువైన డ్రాయింగ్‌లో ఈ రెండూ సున్నా చేస్తే చెయ్యి వెంటనే తేలికపడుతుంది. వ్యూరెస్ ఎవరో 20000 చేసి ఉంటే 1000కి తీసుకురండి. హ్యాచ్‌లున్న లేయర్లు ఆఫ్ చేయడం కంటే ఫ్రీజ్ చేయండి. ఫ్రీజ్ చేసిన లేయర్‌ను రీజెన్ లెక్కలోకి తీసుకోదు. ఎప్పుడు పెట్టారో తెలియని లిస్ప్‌లు, ప్లగిన్‌లు స్టార్టప్‌లో లోడ్ అవుతుంటే యాప్‌లోడ్ తెరిచి వాడనివి తీసేయండి.

యాంటీవైరస్ ప్రతి సేవ్‌ను స్కాన్ చేసి నెమ్మదిపరచడం నిజమే. దాన్ని మీరే ఆఫ్ చేయడం మాత్రం ఉద్యోగానికే ముప్పు. క్లయింట్ ఒప్పందాల్లో సెక్యూరిటీ షరతులుంటాయి, ఆడిట్‌లో మీ సిస్టమ్ పేరే బయటికొస్తుంది. ఆటోక్యాడ్‌కు ప్రత్యేకంగా వైరస్‌లు ఉన్నాయన్నదీ గుర్తుంచుకోండి. 2012లో ఈసెట్ సంస్థ బయటపెట్టిన మెడ్రే అనే మాల్‌వేర్ తెరిచిన డ్రాయింగ్‌లను మెయిల్ ద్వారా బయటికి పంపేది. అందుకని ప్రాజెక్టు డ్రైవ్ మొత్తాన్ని స్కాన్ నుంచి తప్పించమని అడగకండి. ఆటోక్యాడ్, రెవిట్ టెంపరరీ ఫోల్డర్ల వరకు మినహాయింపు ఇవ్వగలరా అని ఐటీని రాతపూర్వకంగా అడగండి, నిర్ణయం వాళ్లది. ర్యామ్ క్లీనర్లు, రిజిస్ట్రీ బూస్టర్లు, ఓవర్‌క్లాకింగ్ ఆఫీసు సిస్టమ్ దరిదాపులకు రానివ్వకండి.

కొత్త సిస్టమ్ అడగాల్సి వస్తే

ఇవన్నీ చేశాక కూడా కోర్ నిండిపోయి, కమిటెడ్ మెమరీ అంచుకు చేరుతుంటే అప్పుడు హార్డ్‌వేర్ అడగాలి. "సిస్టమ్ చాలా స్లోగా ఉంది సార్" అంటే ఏ మేనేజరూ కొనడు. అతనికి లెక్క కావాలి. మీ సింక్‌కు నాలుగు నిమిషాలు పడుతోంది, టీమ్‌లోనే మెరుగైన సిస్టమ్‌లో అదే మోడల్‌కు నిమిషంన్నర పడుతోంది అనుకుందాం. తేడా రెండున్నర నిమిషాలు. రోజుకు ఆరు సింక్‌లంటే 15 నిమిషాలు. నెలకు 22 పనిదినాలంటే ఐదున్నర గంటలు. అలాంటి సీట్లు ఎనిమిదుంటే నెలకు 44 గంటలు. దాన్ని క్లయింట్‌కు వేసే గంట రేటుతో గుణించి ఒక పేజీలో పెట్టండి. టాస్క్ మేనేజర్ స్క్రీన్‌షాట్లు, ఇంతకుముందు ఏమేం ప్రయత్నించారో తేదీలతో జతచేయండి. ఫైలు శుభ్రం చేశారా అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఆ జవాబు ముందే అందులో ఉండాలి.

ఏం అడగాలో కూడా మీరే చెప్పండి, లేకపోతే ఎక్కువ కోర్లున్నదే గొప్పదని కొనేస్తారు. డ్రాఫ్టింగ్, మోడలింగ్ సీటుకు ఒక్క కోర్ వేగం ముఖ్యం. ఇరవై నాలుగు కోర్లు వీ-రే, ఎన్‌స్కేప్‌లాంటి విజువలైజేషన్, సిమ్యులేషన్ చేసేవాళ్లలో కూడా కొందరికే కావాలి. ఎన్‌స్కేప్ భారం ఎక్కువగా గ్రాఫిక్స్ కార్డు మీద ఉంటుంది, సీపీయూ మీద నడిపే వీ-రే రెండర్ మాత్రం దొరికినన్ని కోర్లనూ వాడుకుంటుంది. రెవిట్‌కు 16 జీబీ కనీసం అని ఆటోడెస్క్ చెబుతుంది. పెద్ద మోడళ్లు, నాలుగైదు లింకులు తెరిచే సీటుకు 32 కంటే తక్కువ అడగకండి. డిస్క్ ఎన్‌వీఎమ్‌ఈ ఎస్ఎస్‌డీ ఉండాలి. డబ్బు సరిపోకపోతే కార్డు ఒక మెట్టు తగ్గించండి, మెమరీ తగ్గించకండి.

కొత్త సిస్టమ్ వచ్చిన రోజు మొదట రాసిపెట్టుకున్న ఫైలునే, అదే వరుసలో, స్టాప్‌వాచ్‌తో తెరవండి. పాత సిస్టమ్‌ను రెండు వారాలు వెనక్కి ఇవ్వకండి. లైసెన్సులు, ప్లాటర్ స్టైళ్లు, ఫ్యామిలీ లైబ్రరీ దారులు అన్నీ సరిగా వచ్చాయని తేలేదాకా ఉంచుకోండి. కొత్త సిస్టమ్‌లో ఐటీ రెవిట్ కొత్త వెర్షన్ ఒక్కటే వేసి ఉంటే, క్లయింట్ వాడే వెర్షన్ కూడా వేయించేదాకా ప్రాజెక్టు మోడల్ తెరవకండి. పై వెర్షన్‌లో ఒకసారి సేవ్ అయిన రెవిట్ ఫైలు మళ్లీ కింది వెర్షన్‌కు రాదు.